ఇనుపపెట్టెలోని కాగితములు

నీటిని గూర్చి గృహిణికి ఒకరు నేర్పవలసిన దేమున్నదని నేను చాలకాలము గర్వించియుంటిని. కడవను చింతపండుతో తోమి, తెల్లని గుడ్డను మడతపెట్టి వడగట్టి, వానకాలమున నీరు కలకబారినప్పుడు చిల్లగింజ అరగదీసి తేర్చుట మా అమ్మ నాకు పదియవ యేటనే నేర్పినది. తేటగా నున్నది మంచినీరు, మడ్డిగా నున్నది చెడ్డనీరు. వాసన వేసినచో పారబోయవలెను. మాకు తెలిసిన శాస్త్ర మింతియే. నా చదువు ఇంటిచదువు. మా నాయనగారు అరుగుమీద కూర్చుండబెట్టుకొని భారత భాగవతములు చెప్పిరి. బడిపంతులుగారి భార్యనైన పిదప మావారి బల్లమీది పుస్తకములు సర్దుచు సర్దుచు మరికొంత నేర్చుకొంటిని. ఇట్టిదానను రసాయనములను గూర్చి వ్రాయబూనుటకు కారణము మా మేనమామగారి యినుపపెట్టె.

సోదరీమణులారా, ఆ పెట్టె కథకు ముందు మా ఊరిని గూర్చి రెండు మాటలు చెప్పనిండు. మేముండు జన్వాడ, ఉస్మాన్‌సాగరమునకు నీరు చేరెడి ప్రదేశములోనిది. 1908 సంవత్సరపు మూసీ వరదలో పట్నము పాడైన తరువాత, అట్టి యాపద మరల రాకుండునట్లును, పట్నమువారికి త్రాగునీరు దొరకునట్లును ఆ చెరువును కట్టిరి. 1920 లో అది పూర్తియైనది. దాని నీరు చెడకుండవలెనని 1996 లో ప్రభుత్వమువారు 111 నెంబరు ఉత్తర్వు చేసి, ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరముల చుట్టు 10 కిలోమీటర్ల మేర 84 గ్రామములలో కాలుష్యపు ఫ్యాక్టరీలు పెట్టగూడదనిరి. మా ఊరును అందులోనిదే. ఆ ఉత్తర్వును గూర్చిన వాదములు, భూముల ధరలు, కోర్టు వ్యాజ్యములు మగవారు చావడిలో చాలినంత చెప్పుకొందురు. నాకు వాటితో పని లేదు. నాకు తోచిన దొక్కటే. ఇచ్చటి నీటికి ఇంత కావలి పెట్టినది మేము త్రాగుదుమని కాదు, పట్నమువారు త్రాగుదురని. పోనిండు, ఎవరికొరకైన నేమి, కావలి యనునది పెట్టిరి. మా మేనమామగారు ఇరువది నాలుగేండ్లు త్రాగిన నీటికి, చేతులు ముంచిన నూనెకు కావలి యెవరుండిరో నేనెరుగను.

ఆయనది చేవెళ్ల వైపు పల్లె. పందొమ్మిదవ యేట సైన్యములో చేరిరి. తుపాకి పట్టి సరిహద్దున నిలిచినవారు కారు. బండ్లు మరమ్మతు చేయు వర్క్‌షాపులలో పనిచేసిరి. సెలవుమీద వచ్చినప్పుడు పిల్లలమందరము చుట్టును మూగితిమా, మంచుకొండల కథలు చెప్పెడివారు. ఇంజన్ల కథలును చెప్పెడివారు గాని అవి మాకు రుచింపలేదు. ఒక మాట మాత్రము నాకు జ్ఞాపకమున్నది.

"ఇంజన్ విప్పి, ముక్కలన్నీ డ్రమ్ముల ముంచి కడుగుతుంటిమి బిడ్డా. జిడ్డంత పోయి అద్దం లెక్క మెరుస్తది" అనిరి.

"చేతులు మండయా మామా?" అని నేనడిగితిని.

"మొదట్ల మండుతయి. తర్వాత అలవాటైతది" అని నవ్విరి.

ఆ డ్రమ్ములో నున్నది పెట్రోలో, కిరసనాయిలో, మరి యే మందో ఆయన చెప్పలేదు; మేమడుగలేదు. అడుగవలసిన మాట అదేనని అప్పు డెవరికి తెలియును?

కొలువు చివరి సంవత్సరమున ఆయనకు ఆయాసము మొదలైనది. మెట్లెక్కలేకపోయెడివారు. ఊరక తగిలినచోట నల్లగా కమిలెడిది. పండ్లు తోముకొన్నచో చిగుళ్లనుండి నెత్తురు కారెడిది. సైనికవైద్యులు పరీక్షించి, ఎముకలలోని మూలుగ నెత్తురు పుట్టించుట మానివేసినదని చెప్పిరి. ఎప్లాస్టిక్ అనీమియా అని దాని పేరు. ఆ వైద్యులు శ్రద్ధగా చూచిరనియే మా అత్తమ్మ యిప్పటికిని చెప్పును. వారియందు ఆమెకు కోపము లేదు. కాని ఇంటికి పంపునప్పుడు జరుగు వైద్యుల సభలో ఆయన కాగితముమీద ఒక వాక్యము వ్రాసిరి. ఈ వ్యాధి సైనికసేవ వలన కలిగినది కాదు, సేవవలన హెచ్చినదియు కాదు. ఆ వాక్యముతో వ్యాధికి రావలసిన అదనపు పింఛను రాలేదు. 2016 లో ఆయన ఇల్లు చేరిరి. ఎవరెవరి నెత్తురో ఎక్కించుకొనుచు మూడేండ్లు బ్రతికి 2019 ఆషాఢమున పోయిరి.

మా అత్తమ్మ ఆ పెట్టెను ఆటోలో ఎక్కించుకొని ఒకనాటి మధ్యాహ్నము మా వాకిట దిగినది. "సారుకు కాగితాలు సమజయితయి గద బిడ్డా, చూడుమను" అనినది. మావారు బడినుండి వచ్చి, కాళ్లు కడుగుకొని, దీపము పెట్టిన పిమ్మట పెట్టె తెరచిరి. కొలువు పుస్తకము, పింఛను కాగితములు, క్యాంటీను కార్డు, రెండు పతకములు, నెత్తురు పరీక్షల చీటీల కట్ట, అడుగున మడతపెట్టిన పనిదుస్తులు ఒక జత. కొలువు పుస్తకములో ఆయన ఎన్నెన్ని తేదీలలో ఏ యే ఊళ్లకు పోయినదియు నున్నది. ఏ తుపాకి కాల్పు పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చెనో కూడ నున్నది. డ్రమ్ములో నున్న దేమో యెక్కడను లేదు.

ఆ రాత్రి మొదలుకొని మేమిరువురము ఈ విషయమును చదువనారంభించితిమి. ఇంగ్లీషులో నున్నది మావారు చదివి చెప్పుటయు, నేను నోటుబుక్కులో తెనుగున వ్రాసికొనుటయు మా పద్ధతి. మొదట మాకు తెలిసినది బెంజీను సంగతి. అది పెట్రోలులో నుండును. కొన్ని ద్రావకములలోను నుండెడిది. చిరకాలము పీల్చినవారికి, చర్మమున తగిలినవారికి అది మూలుగను చెరుచునని, రక్తక్యాన్సరు కూడ కలిగించునని వైద్యులు నిశ్చయించి చాలకాలమైనది. మా మామకు వచ్చినది అటువంటి జబ్బే. అయినను, ఆ జబ్బు బెంజీను ఎన్నడును ముట్టనివారికి కూడ వచ్చును. పెక్కుమందికి కారణమే తెలియదు. కాబట్టి ఆయనకు ఇందువలననే వచ్చెనని నేను వ్రాయజాలను. ఈ జాలకపోవుటయే ఈ వ్యాసమునకంతకును మూలము.

చదువగా చదువగా అమెరికాదేశపు క్యాంప్ లెజూన్ కథ తగిలినది. ఉత్తర కరోలినా రాష్ట్రమున సముద్రతీరమందలి పెద్ద సైనికస్థావర మది. మెరీన్లను సైనికులు భార్యాబిడ్డలతో అందుండెడివారు. ఆ యిండ్లకు నీరు భూమిలోని బావులనుండి తోడి యిచ్చెడివారు. అందు కొన్ని బావులకు రెండు దారుల విషము చేరినది. స్థావరపు సరిహద్దు వెలుపల బట్టలను నీరు లేకుండ మందుతో శుభ్రపరచు దుకాణమొకటి యుండెను. దాని మందు, పెర్‌క్లోరోఎథిలీను, నేలలోనికి ఇంకి ఒక పేటకు నీరిచ్చు బావులకు పాకినది. స్థావరములోపలనే భూమిలో పాతిన పెట్రోలు తొట్లు కారి బెంజీనును, యంత్రముల ముక్కలకు జిడ్డు వదలించు ట్రైక్లోరోఎథిలీనును మరియొక పేట బావులలో చేరినవి. జిడ్డు వదలించునది అని మావారు చదివినప్పుడు నేను వ్రాయుచున్న కలము నిలిపితిని.

ఈ మందుల స్వభావము గృహిణులు తెలియదగినది. ట్రైక్లోరోఎథిలీనుకు రంగు లేదు. కొద్దిగా తీపివాసన యున్నను నీటిలో కలిసినప్పుడు ముక్కుకు అందదు. నీటికన్న బరువైనది కనుక నేలలో క్రిందికి క్రిందికి దిగి ఊటలో చేరి దశాబ్దములు నిలుచును. చిల్లగింజకు తేరదు, గుడ్డకు వడియదు. కాచి త్రాగుదమన్నచో, మరుగు నీటినుండి అది ఆవిరితో లేచి వంటయింటి గాలిలో కలియును. వేడినీళ్ల స్నానము చేయువారు దానిని పీల్చుకొందురు. మా అమ్మ నేర్పిన శాస్త్రమంతయు ఇచ్చట ఓడిపోయినది. ఇది క్యాన్సరు కలిగించునది, ముఖ్యముగా మూత్రపిండములకు.

మాకు ఉత్తరమున, ఎక్కువ దూరము లేని పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో పడి చెరువులు, బావులు చెడినప్పుడు రైతులకు అది కంటికి కనబడినది. వాగు రంగు మారినది, వాసన పుట్టినది, పైరు మాడినది. 1990 లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టుకు పోయినది. అల్లాని కిషన్‌రావుగారను వైద్యులు ఆ పోరాటమున బహుకాలము నిలిచిరి. కంటికి కనబడినదానిని ఒప్పించుటకే అన్ని యేండ్లు పట్టినది గదా. లెజూనులో కొళాయి త్రిప్పిన ఇల్లాలికి తళతళలాడు నీరే వచ్చినది.

1953 ఆగస్టు మొదలు 1987 డిసెంబరు వరకు పది లక్షలమంది వరకు ఆ నీరు వాడియుందురని లెక్క. 1982 మే మాసమున ఒక కొళాయి నీటిని పరీక్షింపగా నూరుకోట్ల పాళ్లలో 1,400 పాళ్లు ట్రైక్లోరోఎథిలీను తేలినది. తరువాతికాలమున అచ్చటి ప్రభుత్వము త్రాగునీటికి పెట్టిన హద్దు 5 పాళ్లు. అంతకు ముందే, 1980, 81 సంవత్సరములలోనే, నీటిని పరీక్షించిన ప్రయోగశాలవారు ఈ నీటిలో ద్రావకములు చేరియున్నవని కాగితముమీద వ్రాసి హెచ్చరించిరి. మిక్కిలి చెడిన బావులను మూయుటకు 1985 సంవత్సరము రావలసివచ్చెను.

నాకు లక్కయిల్లు తలపునకు వచ్చినది. తమవారే కట్టించియిచ్చిన యిల్లు, అందమైనది, గోడలలో నేమున్నదో కాపురమున్నవారికి తెలియదు. అయినను పాండవులకు విదురుడుండెను. పరులకు తెలియని భాషలో ధర్మరాజునకు సూచన చేసి బ్రతికించెను. లెజూనులోను ఎరిగినవా రుండిరి, పరులకు తెలియని భాషలోనే వ్రాసిరి కూడ. ఆ కాగితము మాత్రము కాపురమున్నవారికి చేరలేదు. పోలిక ఇంతకుమించి సాగదు. దుర్యోధనునకు చంపు తలంపు ఉండెను. ఇచ్చట ఎవరికిని లేదు. చంపు తలంపు లేకయే జరిగినది కనుకనే నాకు ఎక్కువ భయము కలుగుచున్నది.

అందు జెర్రీ ఎన్స్‌మింగర్ అను మెరీను కథ. ఆయన కుమార్తె జేనీ ఆ స్థావరమున నున్న దినములలో తల్లికడుపున పడినది. ఆరేండ్ల వయసున రక్తక్యాన్సరు కనబడినది. 1985 లో తొమ్మిదేండ్లకు మరణించినది. తమ వంశములో లేని జబ్బు బిడ్డకు ఎట్లు వచ్చెనని ఆ తండ్రి పండ్రెండేండ్లు తనలో తాను అడుగుకొనుచుండెను. 1997 లో ఒక సాయంకాలము అన్నము పళ్లెము చేతబట్టుకొని టెలివిజన్ ముందు నిలిచియుండగా, లెజూను నీటిని గూర్చిన వార్త వచ్చినది. పళ్లెము చేతినుండి జారిపోయినదట. అటుపిమ్మట ఆయన కాగితములు వెదకుట మొదలుపెట్టెను. చట్టసభవారి యెదుట పలుమార్లు సాక్ష్యమిచ్చెను. 2012 లో ఆ స్థావరమున నున్నవారికిని కుటుంబములకును వైద్యసహాయము కల్పించుచు చేసిన చట్టమునకు ఆ చిన్నదాని పేరు పెట్టిరి.

ఆ స్థావరము పక్కనున్న జాక్సన్‌విల్ పట్టణపు శ్మశానమున పసికందుల సమాధులు వరుసగా నున్న చోటును అచ్చటివారు పసివారి స్వర్గమని పిలుచుకొందురట. మావారు ఈ మాట చదివి పుస్తకము మూసిరి. అందలి ప్రతి బిడ్డయు నీటివలననే పోయెనని ఎవరును చెప్పలేరు. ఏ బిడ్డ నీటివలన పోలేదో అదియు చెప్పలేరు.

ఈ చిక్కును విడదీయుటకు అచ్చటి పరిశోధకులు చేసిన పని నాకు మెచ్చదగినదిగా తోచినది. లెజూనులోని లక్షా యేబదివేలకు పైచిలుకు సైనికులను, కాలిఫోర్నియాలో పెండిల్టన్ అను మరియొక స్థావరమందలి అంతమందితో పోల్చి చూచిరి. వయసు, కసరత్తు, భోజనము, జీతము దాదాపు ఒక్కటే, నీరు వేరు. 2014 లో ప్రకటించిన ఆ లెక్కలో లెజూనువారికి క్యాన్సరువలన చచ్చు ప్రమాదము నూటికి పదివంతులు ఎక్కువగా తేలినది. లక్షమందిని గూర్చి ఇట్లు చెప్పవచ్చును. కాని అందు ఒకనిని పట్టుకొని, నీ జబ్బు ఆ నీటిదియా, నీ తాతదియా అన్నచో ఏ పండితుడును చెప్పలేడు. రోగి చెప్పగలడా? రోగి భార్య చెప్పగలదా? ఋజువు చేయుమని ఆమెనే అడుగుదురు.

అందువలన 2017 లో అమెరికా ప్రభుత్వమువారు ఒక నిబంధన చేసిరి. ఆ యేండ్లలో లెజూనున ముప్పది దినములైనను కొలువుచేసిన సైనికునకు ఎనిమిది జబ్బులలో ఏదియైనను వచ్చినచో అది సేవవలననే వచ్చినట్లు భావింపవలెను. అతడు ఋజువు చూపనక్కరలేదు. ఆ ఎనిమిదింటిలో రక్తక్యాన్సరు, మూత్రపిండపు క్యాన్సరు ఉన్నవి. ఎప్లాస్టిక్ అనీమియాయు నున్నది. ఆ పేరు మావారు చదివినప్పుడు, పక్కన కూరగాయలు తరుగుచున్న అత్తమ్మ తలయెత్తి, "మళ్ల చదువు సారూ" అనినది. 2022 ఆగస్టులో వచ్చిన పెద్ద చట్టము, ముప్పది దినములు అచ్చట నున్న కుటుంబములవారికి సైతము నష్టపరిహారమునకై కోర్టుకు పోవు దారి రెండేండ్లపాటు తెరచినది. మొదటి బావి మూసి అప్పటికి ముప్పది యేడేండ్లు దాటినవి.

ఇది పరదేశపు గొడవ యనుకొనకుడు. మనదేశపు సిపాయిలకు జరిగినదియు నున్నది. బ్రిటిషువారి యేలుబడిలో, 1930 తరువాతి యేండ్లలో, రావల్పిండి సైనికస్థావరమున వారి పోర్టన్ డౌన్ ప్రయోగశాలకు చెందినవారు వందలకొలది భారత సిపాయిలమీద మస్టర్డ్ గ్యాసును ప్రయోగించి చూచిరి. తెల్లవారి చర్మముకంటె మనవారి చర్మము ఎక్కువ కాలునా, తక్కువ కాలునా, ఎంత మోతాదు కావలెను అని తెలిసికొనుటకు. కొందరిని లాగులు, నూలుచొక్కాలతోనే గ్యాసు గదిలోనికి పంపిరి. బొబ్బలెక్కి ఆసుపత్రి పాలైనవారి బాధను వారే తమ కాగితములలో వ్రాసికొనిరి. పదియేండ్లకు పైగా ఇది సాగినది. ఆ గ్యాసు క్యాన్సరు కలిగించునదని తరువాత తేలినది. కాని ఆ సిపాయిలు ఇండ్లకు పోయిన పిదప ఎట్లున్నారో విచారించినవారు లేరు. లండనులోని ప్రభుత్వ దస్తావేజులనుండి ఈ సంగతి 2007 లో పత్రికలకెక్కినది. అప్పటికి ఆ సిపాయిలలో ఎందరుండిరో! వారి భార్యలు, ఈయనకీ దగ్గేమిటి, ఈ మచ్చలేమిటి అని కషాయములు కాచిపోసి, దిష్టితీసి, మ్రొక్కులు మ్రొక్కియుందురు. లెజూనువారికి బావి పేరైనను దొరకినది. వీరికి ఆ గది పేరు చెప్పినవారు లేరు.

మన చట్టము మాత్రము అంత కఠినమైనది కాదని మాకు తరువాత తెలిసినది. ధరంవీర్‌సింగ్ అను సిగ్నల్స్ దళపు సైనికుడు, సుమారు తొమ్మిదేండ్లు కొలువుచేసిన పిదప మూర్ఛజబ్బుచే ఇంటికి పంపబడెను. అతని కాగితమందును మా మామ కాగితమందలి మాటయే వ్రాసిరి. 2013 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చేరునప్పుడు వైద్యులు పరీక్షించి ఏ జబ్బును వ్రాయకుండ చేర్చుకొన్నచో, అతడు ఆరోగ్యవంతుడుగానే చేరెనని భావింపవలెను. తరువాత వచ్చిన జబ్బు సేవవలన కాదనువారే అందుకు కారణము చూపవలెను. సందేహమున్నచో ఆ సందేహపు లాభము సైనికునకే చెందవలెను. 1982 నాటి నిబంధనల కిట్లు అర్థము చెప్పిరి. ఆ నిబంధనలను 2008 లోను, మరల 2023 లోను తిరుగవ్రాసిరి గనుక, ఎవరికి ఏది వర్తించునో వారు విడుదలైన తేదీనిబట్టి తెలిసినవారి నడుగవలెను.

సందేహపు లాభము! ఈ మాటను నేను వంట చేయుచు ఎన్నిమార్లు తలచుకొంటినో. మా మామ విషయమున మాకున్నది సందేహమొక్కటే. దానినే ఆస్తిగా పట్టుకొని అర్జీ వ్రాయ మొదలుపెట్టితిమి. కాని అర్జీలో డ్రమ్ము సంగతి చెప్పవలెను గదా. ఆయనతో పనిచేసిన ఇద్దరిని మావారు వెదకిపట్టిరి. ఒకరు గుంటూరు జిల్లావారు, ఒకరు తమిళదేశమువారు. గుంటూరాయన డ్రమ్ముమీద ఇంగ్లీషు అక్షరము లుండెడివని చెప్పెను. ఏమి అక్షరములో జ్ఞాపకము లేదనెను. "మేం ఎన్నడు చదివినం సార్, కడిగినం అంతే" యని మా మామయు అనియుండును.

మీలో సైనికుల భార్యలు, తల్లులు ఉన్నచో ఒక్కమాట వినుడు. వారు సెలవుమీద వచ్చినప్పుడు, పిండివంటలు చేసిపెట్టుచునే, ఒక నోటుబుక్కులో వ్రాసియుంచుకొనుడు. ఏ ఊరు, ఏ నెలనుండి ఏ నెలవరకు, ఏ పని, చేతికి ఏ మందు తగిలినది, దాని డబ్బామీద పేరేమి, క్వార్టర్లలో నీరు బావిదా కొళాయిదా. విడుదలకు ముందు జరుగు వైద్యపరీక్షలో ఆ మాట చెప్పి వ్రాయించుకొని, నకలు తీసికొని రమ్మనుడు. ఇది అనుమానించుట కాదు. చాకలిపద్దు వ్రాయుదుము గదా, పాలపద్దు వ్రాయుదుము గదా.

మా అర్జీకి అత్తమ్మ మాటలును కావలసివచ్చినవి. ఆయనతో కూడ నాలుగేండ్లు ఫ్యామిలీ క్వార్టర్లలో నుండినది. పనిదుస్తులు వేరుగా నానబెట్టి ఉతికెడిదట. ఇంట నున్న బట్టలన్నింటికి ఆ వాసన పట్టుకొనునని. నేను వ్రాసికొనుచుంటిని. ఉన్నట్టుండి ఆమె గొంతు తగ్గించినది. మావారు లేచి అవతలికి పోయిరి.

"ఆ క్వార్టర్లల ఉన్నప్పుడే నాకు రెండుసార్లు కడుపు పోయింది బిడ్డా. ఎవ్వలికి చెప్పలే, మీ అమ్మకు కూడ చెప్పలే. గ్రహచారం అనుకున్న. ఆ నీళ్లు మస్తు తియ్యగుండె. ఆడ గూడ నీళ్ల ఏమన్న ఉండెనా?"

నేనేమి చెప్పుదును? అచ్చటి నీటిని ఎవరైన పరీక్షించిరో లేదో నాకు తెలియదు. ఎన్నో గర్భములు ఏ విషమును లేకయే నిలువవు. అదియు ఆమెకు చెప్పితిని. ఆమె తల ఊపినది. లెజూను కథ ఆమెకు చెప్పియుండకపోయినచో ఈ ప్రశ్న పుట్టకపోవును గదా యని నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇరువదియేండ్లు గ్రహచారమని మూసిపెట్టిన గదిని నేను తెరచితిని. లోపల చూపుటకు నాయొద్ద దీపము లేదు. తెలియజెప్పుట మంచిదా, చెడ్డదా యని మావారి నడిగితిని. "ఆమె అడిగింది కదా, అడగకుండా ఉండటం కంటే నయం కాదా" అనిరి. వారు మగవారు, వారి కట్లు తోచును. నాకింకను తోచలేదు.

ఆ రెండు సంగతులు అర్జీలో వ్రాయలేదు. వ్రాయవద్దని అత్తమ్మయే చెప్పినది. మామ జబ్బు, ఆయన పని, గుంటూరాయన పంపిన సాక్ష్యపు ఉత్తరము, 2013 తీర్పు ఇంతవరకే వ్రాసి, అత్తమ్మచేత సంతకము పెట్టించి రిజిస్టరు చేసి పంపితిమి. అది పోయి ఏడు నెలలైనది. చేరినట్లు రసీదు వచ్చినది, జవాబు రాలేదు.

కాగితములన్నియు వరుసపెట్టి మరల పెట్టెలో సర్దునప్పుడు అడుగునున్న పనిదుస్తులు బయటికి తీసితిని. మోచేతులవద్ద నల్లని మరకలు. దులిపి ఉతికి ఆరవేయుదునా అని అత్తమ్మ నడిగితిని.

"వద్దు బిడ్డా. ఆయన పోయినంక ఉతకబుద్ధి కాలే. ఇప్పుడు ఉతకొద్దు. ఎవలన్న అడుగుతె వాసన చూపియ్యనీకన్న ఉంటది" అనినది.

ముక్కువద్ద పెట్టుకొని చూచితిని. పాతబట్ట వాసన తప్ప నాకేమియు తెలియలేదు. ఆమెకు తెలియుచున్నదట. మడతపెట్టి యిచ్చితిని, ఆమెయే అడుగున పెట్టినది. పెట్టె ఇప్పుడు మా వంటయింట బియ్యపు గుమ్మి పక్కన నున్నది.